వాహ్ అనవలసిన చోటు

సింగపూరులో యూ టీ అనే పేట, అక్కడ ఒక ఫ్లాట్ల బ్లాకు పిల్లలందరికీ జగదీష్ మ్యూజిక్ అంకుల్. జీవితమంతా లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషికి ఆ పేరెందుకు పడిందంటే, ఆదివారం మధ్యాహ్నం పదో అంతస్తు వరండాలో ఎవరు నడిచినా ఆయన కిటికీలోంచి ఒక ఆర్కెస్ట్రా మొత్తం వినిపిస్తుంది. కాస్త ఆగి వింటే ఆ వయొలిన్ల మధ్యలోంచి "వాహ్! క్యా బాత్ హై!" అని ఒక మగగొంతు కూడా వినిపిస్తుంది. ఆ గొంతు జగదీష్‌ది కాదు. రికార్డు నడుస్తుండగా పక్కవాడు దగ్గినా ఊరుకునే రకం కాదాయన. వాహ్ అనేవాడు సాదత్, ఊరి మధ్యలో ఉన్న బిషాన్ నుంచి ఆదివారం ఆదివారం రైలెక్కి వచ్చే హైదరాబాదీ.

వీళ్ళిద్దరి సంగతి చెప్పాలంటే ముందు ఒక పాడైపోయిన రేడియో సంగతి చెప్పాలి. జగదీష్ పుట్టింది మలేసియాలో, బాగాన్ డాతో దగ్గర కొబ్బరితోటల్లో. తండ్రి యర్రయ్య తోటలో మేస్త్రీ. ఆ ఇంట్లో సంగీతమంటే శనివారం భజన, మిగతా రోజులు రేడియోలో తమిళ సినిమా పాటలు. అంతకు మించి ఎవరికీ తెలియదు, తెలియలేదన్న బెంగా లేదు. ఇరవై దాటాక జగదీష్ ఉద్యోగం కోసం సింగపూరుకి దిగి, లిఫ్టులు చూసే కంపెనీలో చేరాడు. లిఫ్టులకి పైన, బ్లాకు నెత్తిన, మోటార్లుండే గది ఒకటుంటుంది. అక్కడ ఎవరో వదిలేసిన రేడియో ఉండేది. స్టేషన్ మార్చే నాబ్ ఎప్పుడో ఊడిపోయింది. పడితే ఒక్కటే స్టేషన్ పడుతుంది, అందులో వచ్చేది తెల్లవాళ్ళ క్లాసికల్ సంగీతం.

మొదట్లో జగదీష్ దాన్ని తిట్టని తిట్టు లేదు. "ఏటిరా ఈ గోల, పెళ్ళో చావో తెలీట్లేదు," అని గొణుక్కునేవాడు. అయినా నిశ్శబ్దంగా ఉండే మోటారు గది కంటే గోలే నయమని పెట్టుకునేవాడు. అలా వినగా వినగా, ఒకరోజు నూనెగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పడం మరిచిపోయాడు. అయిపోయాక అనౌన్సరు పేరు చెప్పాడు. బ్రామ్స్, మూడో సింఫనీ. జగదీష్ ఆ పేరు అరచేతి మీద రాసుకున్నాడు.

ఆ తర్వాత లైబ్రరీలో వెతికి తెలుసుకున్నదేమిటంటే, ఆ మహానుభావుడు రాసిన సింఫనీలు నాలుగే. మన మనిషికి అది మహా నచ్చింది. ఆ నాలుగూ చాలనుకున్నాడు, నిజంగానే జీవితమంతా ఆ నాలుగే విన్నాడు. అందులోనూ మూడోదంటే ప్రాణం. ఎందుకయ్యా అంటే, దాంట్లో నాలుగు భాగాలుంటాయి, నాలుగూ మెల్లగానే ముగుస్తాయి. ఎంత ఎత్తుకి పోయినా చివర్లో అరవకుండా దిగుతాయి. లిఫ్టు అంతస్తు దగ్గర కుదుపు లేకుండా ఆగినట్టు ఉంటుందనేవాడు. అదెంత కష్టమో లిఫ్టు మెకానిక్కుకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది!

ఇక సాదత్. బిషాన్‌లో ఒక బ్లాకులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకే మనిషి. తలుపులు బాదుతున్నాడు, అల్లాని పిలుస్తున్నాడు. జగదీష్ పైన గదిలో చేత్తో చక్రం తిప్పుతూ లిఫ్టుని అంగుళం అంగుళం కిందికి దింపుతున్నాడు. తిప్పేటప్పుడు ఈల వేయడం ఆయనకి అలవాటు, ఈల మీదుండేది మూడో సింఫనీయే. కిందనుంచి బాదడం ఆగింది. ఆగి, "వాహ్! ముకర్రర్! ముకర్రర్!" అని కేక వినిపించింది. ఆ కేకకి జగదీష్ ఉలిక్కిపడి చెయ్యి గ్రీజులో జార్చుకుని, "నీ తస్సదియ్యా!" అన్నాడు.

"అరె భాయ్, తెలుగోనివా?" అంది కింద గొంతు. "ముందుగాల నన్ను దింపు, తర్వాత తిట్టుకో!"

అదీ పరిచయం. సాదత్ బ్యాంకులో ఆడిటరు, పెద్ద చదువు. భార్య అతియా ఆదివారాలు ఇంట్లో పిల్లలకి ఉర్దూ చెబుతుంది, ఆ పిల్లలు చేసే అల్లరికి ఇంట్లో నిలవలేక సాదత్ యూ టీ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. హైదరాబాదులో ఉర్దూ కవుల ముషాయిరా జరిగేటప్పుడు మంచి చరణం పడితే వినేవాడు నోరు మూసుకు కూర్చోవడం మర్యాద కాదు. వాహ్ అనాలి. ఇంకా బాగుంటే ముకర్రర్ అనాలి, అంటే ఇంకోసారి చదవమని. కవి ఇంకోసారి చదువుతాడు. ఆ మర్యాదంతా సాదత్ తెచ్చి బ్రామ్స్‌కి చేశాడు.

"భాయ్, నీకు దణ్ణం పెడతాను, ఇది ముషాయిరా కాదు," అని జగదీష్ మొదటి రోజే కసిరాడు. "అక్కడ హాల్లో ఊపిరి కూడా మెల్లగా పీలుస్తారు."

"బాగుందని చెప్పకపోతే వాయించెటోళ్ళకి ఎట్ల తెలుస్తది?"

"వాళ్ళిక్కడ లేరయ్యా! ఇది రికార్డు!"

కసిరాడే గానీ, రెండు మూడు ఆదివారాలు గడిచేసరికి జగదీష్‌కి ఒక సంగతి తెలిసి ఒళ్ళు జలదరించింది. సాదత్ వాహ్‌లు ఎక్కడంటే అక్కడ పడడం లేదు. ఎక్కడ తన గుండె పట్టేస్తుందో, సరిగ్గా అక్కడే పడుతున్నాయి. ఎప్పుడైనా ఒకటి తప్పి పడితే జగదీష్ గుడ్లురిమి చూసేవాడు, మళ్ళీ వారం అక్కడ పడేది కాదు. సంగీతం గురించి ఒక్క ముక్క చదవని మనిషికి ఏం చెవి, ఏం చెవి! "దేవుడిచ్చిన చెవి మేనకా అది," అని పెళ్ళాంతో చెప్పుకుని మురిసిపోయేవాడు. సాదత్ ముకర్రర్ అంటే ముల్లు ఎత్తి వెనక్కి పెట్టి, అదే చోటు మళ్ళీ వినిపించేవాడు. ఇరవై ఏళ్ళు అలా నడిచింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో, చైనావాళ్ళ కొత్త సంవత్సరం అయిన కొన్నాళ్ళకి, పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే జగదీష్ ఎడమచేతిలోంచి కప్పు జారిపోయింది. చిన్న స్ట్రోక్. వారం రోజులు హాస్పిటల్లో ఉంచారు. అదృష్టం బాగుంది, చెయ్యి వచ్చింది, మాట వచ్చింది, నడక వచ్చింది. ఇంటికొచ్చిన మొదటి ఆదివారం, సాదత్ రాకముందే, ఆత్రం ఆపుకోలేక మూడోది పెట్టుకున్నాడు.

ఏమీ లేదు.

వయొలిన్లు వినిపిస్తున్నాయి. క్లారినెట్ వినిపిస్తోంది. ఒక్క స్వరం కూడా పోలేదు. వరసగా వస్తున్నాయి, వెళ్తున్నాయి, ఎదురు బ్లాకు కింద బస్సులు వచ్చి వెళ్ళినట్టు. ముందు స్పీకరు అనుమానించాడు. వైర్లు మార్చాడు. ముల్లు మార్చాడు. మెకానిక్ బుద్ధి కదా, లోపం యంత్రంలోనే ఉంటుందని నమ్మకం. మిగతా మూడు సింఫనీలూ పెట్టి చూశాడు. భజన పెట్టి చూశాడు, చిన్నప్పటి తమిళ పాటలు పెట్టి చూశాడు. అన్నీ ఒక్కటే.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మెల్లగానే చెప్పింది. ఇలా ఎవరో కొందరికి అవుతుందట. చెవి పనిచేస్తుంది, విన్నదాన్నుంచి సంతోషం పుట్టించే దారి మాత్రం మెదడులో తెగిపోతుంది. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు.

"ప్రాణం దక్కింది, అది చాలు," అంది మేనక బయటికొచ్చాక. "పాట పోతే పోనీండి. సాదత్ అన్నకి చెప్పీండి."

"చెప్పను."

"ఏటి, ఆయన కొడతాడా?"

కొట్టడు. రావడం మానేస్తాడు. జగదీష్ లెక్క అది. రిటైరయ్యాక ఆయనకి మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆడిటరుకీ లిఫ్టు మెకానిక్కుకీ మధ్య ఉన్నది ఆ నాలుగు సింఫనీలే. ఒకడు వినలేనివాడయ్యాక రెండోవాడు అంత దూరం రైల్లో దేనికొస్తాడు? అంతటి చెవి ఉన్నవాడు ఒక మొద్దు పక్కన ఎన్నాళ్ళు కూర్చుంటాడు? అందుకని నటించడం మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకోవడం, తల కాస్త పక్కకి వాల్చడం, గట్టిగా ఊపిరి వదలడం. ఇవన్నీ తను ఇదివరకు చేసేవాడనే అనుకున్నాడు. ఎవడైనా తన మొహం తను చూసుకుంటూ పాట వింటాడా, సరిగ్గా తెలియడానికి!

ఇంకో చిక్కొచ్చింది. సాదత్ వాహ్‌లు ఇప్పుడు ఎక్కడెక్కడో పడుతున్నట్టు ఉన్నాయి. పడవలసిన చోట్లు జగదీష్‌కి కంఠతా వచ్చు, అక్కడ పడడం లేదు. సాదత్ చెవి తప్పే చెవి కాదు కాబట్టి, తప్పిపోయింది తన బుర్రే అనుకున్నాడు. సంతోషంతోపాటు గుర్తు కూడా పోయిందనుకున్నాడు. ప్రతి వాహ్‌కీ తల ఊపడం మొదలుపెట్టాడు. 

మొద్దుబారడం సంగీతంతో ఆగిందా అంటే, ఆగలేదు. కూతురు శర్మిల ఉద్యోగంలో పెద్ద ప్రమోషన్ వచ్చిందని ఎగురుకుంటూ వచ్చింది. "పా, సే సమ్‌థింగ్ లా!" అంది. "గుడ్," అన్నాడు. ఇంకేదో అనాలని తెలుసు, అదేమిటో తెలియలేదు. పిల్ల మొహం చిన్నబోయింది. అది కూడా చూశాడు, చూసి ఊరుకున్నాడు.

ఆ పిల్లే ఆగస్టులో తండ్రి పుట్టినరోజుకి రెండు టికెట్లు కొంది. ఎస్ప్లనేడ్ హాల్లో, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, బ్రామ్స్ మూడో సింఫనీ. ఒకటి నీకు, ఒకటి సాదత్ అంకుల్‌కి అంది.

హాల్లో వాహ్ అనడానికి వీల్లేదు. అందుకని స్నేహితులిద్దరికీ ఒక ఏర్పాటుంది. వాహ్ అనాలనిపించినప్పుడు సాదత్ పక్కనున్న జగదీష్ మణికట్టు గట్టిగా నొక్కుతాడు. ఆ రోజు మొదటి భాగం అయిపోయింది, సాదత్ నొక్కలేదు. రెండో భాగంలో క్లారినెట్ అయిపోయింది, నొక్కలేదు. జగదీష్ ఓరకంట చూశాడు. సాదత్ స్టేజీ వైపు చూడడం లేదు, తన వైపే చూస్తున్నాడు. దొరికిపోయానురా దేవుడా అనుకున్నాడు జగదీష్. అనుకున్నాడే గానీ గుండె దడ కూడా పుట్టలేదు. ఏదో ఒకటి చెయ్యాలని మాత్రం తోచింది.

మూడో భాగంలో సెల్లోలు పాట ఎత్తుకుంటాయి. ఆ పాటే తర్వాత ఒకచోట హార్న్ ఒంటరిగా మళ్ళీ అందుకుంటుంది. ఇన్నేళ్ళూ జగదీష్ కరిగిపోయిన చోటు అది. గుర్తు మీద నమ్మకం లేకపోయినా, ఆ ఒక్క చోటు మీద పందెం వేశాడు. హార్న్ అందుకోగానే, పదహారొందలమంది ఊపిరి బిగబట్టి కూర్చున్న హాల్లో, "వాహ్!" అన్నాడు.

మామూలుగా అనలేదు, గట్టిగా అన్నాడు. ముందు వరసలో చైనా ఆంటీ తల తిప్పి చూసింది. పక్క వరసలు చూశాయి. తలుపు దగ్గర నిలబడ్డ హాలు సిబ్బంది పిల్ల రెండడుగులు ముందుకేసి ఆగింది. ఇదివరకటి జగదీష్ అయితే కుర్చీ కిందికి దూరి చచ్చిపోయేవాడు. ఇప్పుడు అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు. సాదత్ తల వంచుకుని నేల చూస్తున్నాడు, చివరిదాకా ఎత్తలేదు.

సిటీ హాల్ దగ్గర రైలెక్కారు. ఇద్దరికీ ఒకే లైను, బిషాన్ ముందొస్తుంది, యూ టీ చాలా దూరం. బిషాన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. సాదత్ లేవలేదు.

"భాయ్, బిషాన్," అన్నాడు జగదీష్.

"ఎరికే."

తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలాక సాదత్ అన్నాడు. "ఇరవై ఏండ్లల్ల నువ్వు ఒక్కసారి వాహ్ అనలే. ఏమైంది నీకు?"

ఇక దాచి లాభం లేదు. జగదీష్ చెప్పేశాడు, డాక్టరమ్మ చెప్పిన ముక్కలే చెప్పాడు, లిఫ్టు ఎందుకు ఆగిందో ఇంటివాళ్ళకి చెప్పినట్టు.  

"నేను గూడ ఒకటి చెప్తా, తిట్టకు," అన్నాడు సాదత్. "నాకు ఈ మ్యూజిక్ ఏం సమజ్ కాదు భాయ్. ఎన్నడూ కాలే."

"అదేటి! ఆ చోట్లు? సరిగ్గా ఆ చోట్లలోనే అనేవాడివి కదా!"

"నీ మొహం చూసి అంటుంటి." సాదత్ చేతులు నలుపుకున్నాడు. "చిన్నప్పుడు మా అబ్బా నన్ను ముషాయిరాకి తీస్కపోతుండె. అంత కఠినం ఉర్దూ నాకేం తెలుస్తది? అబ్బా మొహం చూసి వాహ్ అంటుంటి. అందరు శాబాష్ అందురు, పిల్లగానికి ఎంత తెలివి అని. నీ దగ్గర గూడ గదే చేసిన. నీ కనుబొమ్మ ఇట్ల లేస్తది, గొంతు దగ్గర ఇట్ల ఆగుతది. గప్పుడు వాహ్. కండ్లల్ల నీళ్ళొస్తే ముకర్రర్. ఆ దినం లిఫ్టుల అన్నదంటవా, పైన ఒక మనిషున్నడన్న సంబురానికి."

రైలు నేల పైకొచ్చి ఎండలో పడి పోతోంది.

"ఫిబ్రవరి కెళ్ళి నీ మొహంల ఏం లేదు. నేను ఆగమైన. ఊకె ఎక్కడ పడితే అక్కడ అంటున్న. తప్పంటే గుడ్లు తీసి చూసెటోనివి, ఇప్పుడు దేనికైనా తల ఊపవడ్తివి. అప్పుడే సమజైంది, ఏదో పోయిందని."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఆదివారం పోతది కదా భాయ్."

ఇంత మోసానికి ఎవరికైనా ఒళ్ళు మండాలి. ఇరవై ఏళ్ళు దేవుడిచ్చిన చెవి అని పొగిడిన చెవి అది! జగదీష్ తన లోపల వెతికాడు, కోపం దొరకలేదు. "అర్థం కానివాడివి అంత దూరం ఎందుకొచ్చేవాడివి?" అని మాత్రం అడిగాడు.

"నీకు లోపల ఏదో జరుగుతుండె," అన్నాడు సాదత్. "నా ఇంట్ల, నా ఆఫీసుల, ఎవలకీ అట్ల జరుగుడు నేను చూడలే. నాకైతే ఎన్నడూ జరగలే. పక్కన కూసుంటే మంచిగుంటుండె."

యూ టీలో ఇద్దరూ దిగారు. మేనక తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసి, "ఏటయింది? మకాన్ అయిందా లేదా, ఏటైనా తిన్నారా? అన్నం పెట్టీనా?" అంది.

"తర్వాత తింటం భాభీ," అని సాదత్ చెప్పులిప్పి నేరుగా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. "భాయ్, ఆ చోట్లు నీకు యాదికున్నయా?"

జగదీష్ ఆలోచించాడు. ఫిబ్రవరి నుంచి సాదత్ అన్నవన్నీ ఉత్త వాహ్‌లే అయితే, తన గుర్తు తప్పలేదన్న మాట. ప్రతి చోటూ ఎక్కడిదక్కడే ఉంది. "ఉన్నాయి," అన్నాడు.

"అయితే పెట్టు. ఎక్కడ ఏమైతుండెనో నాకు చెప్పు."

జగదీష్ రికార్డు తిరగేసి మూడో భాగం దగ్గర ముల్లు పెట్టాడు. సాదత్ అలవాటు కొద్దీ ఆయన మొహం వైపు తిరిగాడు.

"నన్ను చూడకు," అన్నాడు జగదీష్. "ఇక్కడ ఏమీ లేదు. కళ్ళు మూసుకో."

సాదత్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇవి సెల్లోలు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయిస్తారే, అవి. ఎవరో ఒక మాట చెబుదామని వచ్చి, చెప్పలేక లేచి వెళ్ళిపోతున్నట్టుండేది నాకు. విను, గుమ్మం దగ్గర ఆగాడు. వెనక్కి చూశాడు. ఇప్పుడు అదే పాట వయొలిన్లు తీసుకుంటాయి. ఇంట్లోవాళ్ళు ఉండమంటున్నారు. ఉండడు." రికార్డు నడుస్తూంటే ముందు ముందుగా చెబుతూ పోయాడు, పైకీ కిందికీ లేని గొంతుతో, మధ్యలో ఒక్కసారి కూడా తడుముకోకుండా. "కాసేపు వేరే మాటలు. ఇవన్నీ పై పై కబుర్లే, అసలుది దాటేస్తున్నారు. ఇదిగో వస్తోంది, ఊపిరి ఆపు. హార్న్. ఇందాక అందరూ కలిసి అన్నది, ఇప్పుడు వీడొక్కడే అంటాడు. అప్పటికి ఇంట్లో ఎవరూ లేరు."

వాహ్ వస్తుందని ఆగాడు. రాలేదు. 

సాదత్ కనుబొమ్మలు పైకి లేచాయి. గొంతు దగ్గర ఊపిరి ఆగింది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు గడ్డంలోకి దిగుతున్నాయి, తుడుచుకోవాలని కూడా ఆ మనిషికి తెలియడం లేదు. వంటగది గుమ్మంలో మేనక చేతిలో గరిటెతో నిలబడిపోయింది.

జగదీష్ ఆ మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. చూస్తూండగా లోపల ఏదో రాజుకుంది. ఏమిటా అని చూసుకుంటే, అసూయ. పచ్చి అసూయ. అది నాది, అనుకున్నాడు. మోటారు గదిలో అన్నం మానుకుని సంపాదించుకున్నది, నాకు లేకుండా వీడికెందుకు పోయింది? ముల్లు లాగేసి, భుజం పట్టి కుదిపి, ఇంటికి పొమ్మందామన్నంత మండింది. ఫిబ్రవరి తర్వాత ఆయనకి ఏదైనా అనిపించడం అదే మొదలు.

"తర్వాత?" అన్నాడు సాదత్, కళ్ళు తెరవకుండా. "తర్వాత ఏమొస్తది భాయ్?"

చెప్పకూడదనిపించింది. గట్టిగానే అనిపించింది. జగదీష్ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, తర్వాత వచ్చేది చెప్పడం మొదలుపెట్టాడు.